నదుల లెక్కలు కట్టిన నవాబు

నిజామాబాదు నుంచి బోధనుకు పోయే దారిలో అలీసాగర్ ఉంది. మన జిల్లాలో చదువుకున్న విద్యార్థుల్లో ఒక్కసారైనా అక్కడికి పిక్నిక్కు పోనివాడు అరుదు. గుట్ట మీది గెస్టుహౌసు, కింద తోట, నీళ్లు, పడవ షికారు, ఇవన్నీ అందరూ ఎరుగుదురు. కాని ఆ అలీ ఎవరయ్యా అని అడిగితే మటుకు చాలామంది తెల్లమొహం వేస్తారు. ఏడవ నిజాం పేరు మీర్ ఉస్మాన్ అలీఖాన్ కదా, ఆయనే అయి ఉంటాడులే అని కొందరు సరిపెట్టుకుంటారు. అది సరికాదు. 1931లో నిజాంసాగర్ కాలువ మీద కట్టిన ఆ జలాశయం, నిజాంసాగర్ ప్రాజెక్టుకు కర్త అయిన చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దూర్ పేరు మీద వెలసింది. తెలంగాణ రాష్ట్రం వచ్చిన తరువాత ఆయన పుట్టినరోజైన జులై 11ని ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. అయినా ఆయనను ఆనకట్టలు కట్టించిన పెద్దమనిషిగా తలుచుకుంటున్నామే తప్ప, ఆ కట్టలకు ముందు ఆయన చేసిన పనిని ఎవరూ తలవరు. ఈ వ్యాసం ఆ పనిని గురించి.

కామర్సు, మేనేజిమెంటు చదివే మిత్రులకు కాంపిటీటివ్ ఇంటెలిజెన్స్ అనే మాట కొత్త కాదు. పోటీలో ఉన్నవాడు ఏమి చేస్తున్నాడు, రేపు ఏమి చేయబోతున్నాడు, మన చేతిలో ఏముంది, మార్కెట్టు ఎటు తిరుగుతోంది, ఈ సంగతులన్నీ ముందుగా కూడబెట్టి ఆ తరువాత నిర్ణయం తీసుకోవడం. దీన్ని గూఢచారితనం అనుకోకూడదు. దొంగతనంగా తలుపుల సందుల్లోంచి చూసే పని కాదిది. గెజెట్లు, రిపోర్టులు, సుంకాల పట్టికలు, వర్షపాతం రిజిస్టర్లు, అందరి ముందూ పడి ఉండే కాగితాలను ఓపిగ్గా చదివి, వాటిలో అందరికీ కనపడని సంగతిని కనిపెట్టడమే అందులోని కిటుకు. జపాన్ దేశం 1871లో ఇవాకురా నాయకత్వాన తన పెద్దలను ఓడెక్కించి అమెరికా, యూరపు దేశాలకు పంపింది. అక్కడి ఫ్యాక్టరీలు, బడులు, రైళ్లు చూసి రాసుకొని రమ్మనడం అటువంటి పనే. కంపెనీలకే కాదు, ఒక ప్రాంతం బాగుపడాలన్నా ఈ విద్య కావాలి. మన గడ్డ మీద నీళ్ల విషయంలో ఆ విద్యను నిండుగా వాడినవాడు అలీ నవాజ్ జంగ్ అని నా అభిప్రాయం.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జులై 11న హైదరాబాదులో పుట్టారు. తండ్రి మీర్ వాయిజ్ అలీ నిజాం సర్కారు దఫ్తరులో ఉద్యోగి. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు, మదరసా ఎ ఆలియా, నిజాం కాలేజి, ఇట్లా సాగింది చదువు. 1896లో సర్కారు స్కాలర్‌షిప్పు మీద ఇంగ్లండు వెళ్లి, కూపర్స్ హిల్ లోని రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కాలేజిలో చేరారు. ఇండియాలో కాలువలు, రోడ్లు, రైళ్లు వేయడానికి కావలసిన ఇంజనీర్లను తయారుచేయడం కోసమే తెల్లదొరలు పెట్టుకున్న కాలేజి అది. అక్కడి విద్యార్థులు ఎక్కువమంది చదువు ముగించి పంజాబు, యునైటెడ్ ప్రావిన్సెస్, మద్రాసు, బొంబాయి ప్రాంతాల్లో కొలువుల్లోకి పోయేవారు. అంటే రేపు నీళ్ల దగ్గర మనతో బేరమాడబోయేవాళ్లు ఏ పుస్తకాలు చదివారో, ఏ లెక్కలు నేర్చారో, అదే బెంచీల మీద కూర్చొని ఆయనా నేర్చుకున్నారన్నమాట. 1899లో తిరిగివచ్చి హైదరాబాదు పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు.

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. వేలమంది పోయారు. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి పరిశీలించి, మూసీ మీద, ఈసీ మీద జలాశయాలు కట్టాలని ప్రతిపాదించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఒక నదిలో ఎన్ని నీళ్లు వస్తాయో లెక్క లేకుండా దాని ఒడ్డున నగరం కట్టుకుంటే ఏమవుతుందో ఆ తరం ఇంజనీర్లందరికీ ఆ వరద కళ్లకు కట్టింది. 1918 నాటికి అహ్మద్ అలీ గారు చీఫ్ ఇంజనీరు, సెక్రటరీ స్థానంలో ఉన్నారు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ అన్న బిరుదే లోకంలో ఆయన పేరుగా నిలిచిపోయింది.

ఇక్కడ ఆనాటి నీళ్ల రాజకీయం కాస్త చెప్పుకోవాలి. గోదావరి, కృష్ణ రెండూ హైదరాబాదు సంస్థానం గుండా వందల మైళ్లు పారేవి. కాని వాటి నీళ్లు పొలాలకు మళ్లింది ఎక్కువగా కింద, సముద్రం దగ్గర. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో లేచాయి. పైన మనకు చెరువులు, కుంటలు, బావులు మాత్రమే. ఇక నదుల తగాదాల్లో ఒక మొరటు న్యాయం ఉంది. ముందుగా వాడుకున్నవాడి హక్కుకే బలమెక్కువ. రెండోది, ఎవరి దగ్గర ఎక్కువ సంవత్సరాల ప్రవాహం లెక్కలు ఉంటాయో వాడి మాటే సభలో చెల్లుతుంది. డెల్టా కాలువల పుణ్యమా అని మద్రాసు ఇంజనీర్ల దగ్గర దశాబ్దాల లెక్కలున్నాయి. మన దగ్గర సొంత లెక్క లేకపోతే ఎదుటివాడి పుస్తకంలో అంకెలే మనకు గతి. మన నది గురించి మనకంటె పక్కవాడికి ఎక్కువ తెలిసి ఉండటం వ్యాపారి భాషలో చెప్పాలంటే దివాలా కింద లెక్క.

అలీ నవాజ్ జంగ్ గారు ఈ సంగతి కనిపెట్టారు. ఆయన హయాంలోనూ, ఆ తరువాత ఆయన సలహా మీదనూ సంస్థానంలోని నదులు, ఉపనదుల మీద పరిశీలనలు విస్తారంగా సాగాయి. తుంగభద్ర, భీమ, ఎగువ కృష్ణ, నందికొండ దగ్గర కృష్ణ, ఇటు గోదావరి మీద పూర్ణ, పెన్‌గంగ, కడెం, మానేరు, ఇట్లా చూడని లోయ లేదు. కట్టడానికి డబ్బుందా లేదా అన్నది తరువాతి మాట. ముందు జాగా ఎక్కడ, రాయి ఎంత లోతున తగులుతుంది, వాన ఎంత పడుతుంది, ఏరు ఎంత పారుతుంది, ఎంత భూమి తడుస్తుంది, ఎన్ని ఊళ్లు మునుగుతాయి, ఇవి కాగితం మీదికి రావాలి. ఈ పనికి ప్రారంభోత్సవాలు ఉండవు, శిలాఫలకాలు ఉండవు. గేజి దగ్గర నిలబడి పొద్దున ఇంత, సాయంత్రం ఇంత అని రిజిస్టరులో రాసే చిన్న ఉద్యోగి పేరు ఎవరికీ తెలియదు. ఆ రాత ఒక్క వానాకాలం ఆగిపోయినా లెక్కలో ఆ ఖాళీ ఎన్నటికీ పూడదు, పారిపోయిన నీటిని తిరిగి కొలవలేము గనుక.

ఆయన కాలంలో చిన్నా పెద్దా ప్రాజెక్టులు చాలా లేచాయి. మెదక్, నిజామాబాదు జిల్లాల సరిహద్దులో పోచారం, ఖమ్మం వైపు వైరా, పాలేరు. కాని అన్నిటికీ తలమానికం మన నిజాంసాగర్.

మంజీర నది బీడు జిల్లా బాలాఘాట్ గుట్టల్లో పుట్టి, బీదరు మీదుగా మెదకులోకి వచ్చి, అక్కడ ఉత్తరానికి తిరిగి మన జిల్లాలో ప్రవేశించి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మొత్తం 724 కిలోమీటర్ల నడక. ఆ రోజుల్లో బీడు, బీదరు, మెదకు, నిజామాబాదు అన్నీ నిజాం రాజ్యంలోనివే. అంటే పుట్టుక నుంచి సంగమం దాకా ఈ నది మీద ఇంకొకరి సంతకం అక్కర లేదు. కృష్ణ మీద కట్టాలంటే మద్రాసు అడ్డం వస్తుంది, బొంబాయి అడ్డం వస్తుంది. మంజీర మీద అడిగేవాడు లేడు. మొదటి పెద్ద పందెం ఎక్కడ వేయాలో ఎరిగిన వ్యాపారి ఇట్లాంటి జాగానే ఏరుకుంటాడు.

1923లో అచ్చంపేట, బంజెపల్లి గ్రామాల దగ్గర పని మొదలై 1931లో పూర్తయింది. సుమారు మూడు కిలోమీటర్ల పొడవు కట్ట, దాని మీద మోటారు పోయేంత రోడ్డు. పరీవాహక ప్రాంతం 21,694 చదరపు కిలోమీటర్లు. మొదటి సామర్థ్యం 29.72 టి.ఎం.సి.లు. బాన్సువాడ, వర్ని, బోధను, నిజామాబాదు ప్రాంతాల గుండా ఆర్మూరు వైపు సాగే ప్రధాన కాలువ పొడవు 155 కిలోమీటర్లు. తడపదలచిన భూమి 2,75,000 ఎకరాలు. అప్పటి దక్కనులో ఇది మామూలు సాహసం కాదు. సుమారు 40 ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ ఊళ్ల వాళ్లకు పుట్టిన గడ్డ నీటి కిందికి పోయింది. నవాబు గారిని పొగిడేటప్పుడు ఈ మాట మింగెయ్యకూడదు. దేశ్‌ముఖుల పెత్తనం, వెట్టి రాజ్యమేలుతున్న రోజులవి. ఆ నీటి లాభం అందరికీ సమానంగా పంచబడిందని చెప్పే ధైర్యం నాకు లేదు.

పని ఇంకా సాగుతుండగానే, 1929లో ఇంకొక సందర్భం తటస్థించింది. సింధు నది మీద సక్కరు దగ్గర లాయిడ్ బరాజు కడుతున్న బొంబాయి ప్రభుత్వం, ఆ పనిని, ఖర్చును పరిశీలించి రిపోర్టు ఇవ్వడానికి ఇద్దరు ఇంజనీర్లతో కమిటీ వేసింది. ఒకరు విశ్వేశ్వరయ్య, రెండోవారు అలీ నవాజ్ జంగ్. ఆ బరాజు కూడా 1923లోనే మొదలైంది. తన పని నడిమధ్యలో ఉండగా, అంతకంటె ఎన్నో రెట్లు పెద్దదైన ఇంకొక పనిని లోపలికంటా చూసి, ఎస్టిమేట్లు విప్పించి, ఎక్కడ ఖర్చు పెరిగింది, ఎందుకు పెరిగింది అని తరచి చూసే అవకాశం ఎంతమందికి దొరుకుతుంది? దొంగచాటుగా కాదు, పిలిచి మరీ చూపించారు.

అదే హైదరాబాదు సర్కారు ఉస్మానియా విశ్వవిద్యాలయ భవనాలు కట్టదలచినప్పుడు సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరిని దేశదేశాలు తిప్పి, విశ్వవిద్యాలయాలు ఎట్లా కట్టుకున్నారో చూసి రమ్మన్నది. చూసి కట్టడం ఆ రోజుల్లో సర్కారుకు అలవాటుగానే ఉండేదని చెప్పడానికి ఈ ముచ్చట ఎత్తాను.

ఇక నీళ్లు వచ్చాయి. నీళ్లు వచ్చినంత మాత్రాన పంట రాదు. మెట్టకూ చెరువు కిందికీ అలవాటుపడిన మన రైతుకు కాలువ వ్యవసాయం కొత్త. కాలువ నీటి మర్మం తెలిసినవాళ్లు కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఉన్నారు. అక్కడ భూమి ధర మండిపోతోంది, ఇక్కడ చవక. ఈ వార్త చుట్టాల నోట, సంతల్లో, రైల్లో పాకింది. అక్కడ ఎకరం అమ్మి ఇక్కడ ఎకరాలు కొన్నవాళ్లు వర్ని, బోధను, బాన్సువాడ ప్రాంతాల్లో దిగి క్యాంపులు కట్టుకున్నారు. ఇప్పటికీ మన మ్యాపులో క్యాంపు అన్న పేరుతో ఎన్ని ఊళ్లున్నాయో లెక్కపెట్టుకోండి. వాళ్లకు ఎవరూ రిపోర్టు రాసి ఇవ్వలేదు. సొంతంగా కూడబెట్టుకున్న సమాచారమే వాళ్ల పెట్టుబడి. దీనివల్ల జిల్లాలో పంటలు పెరిగిన మాట ఎంత నిజమో, స్థానిక రైతు కొన్నిచోట్ల తన భూమిలో తానే వెనుకబడ్డ మాటా అంత నిజం. కాలువ వస్తున్నదన్న సంగతి ముందుగా, పూర్తిగా ఎవరికి తెలిసిందో వాళ్లకే లాభం దక్కింది.

తరువాత చెరుకు కథ. ఇది చదివితే వ్యాపారంలో సమాచారం ఎట్లా పనిచేస్తుందో తెలుస్తుంది. 1930 ప్రాంతంలో ఇండియా ఏటా పదిలక్షల టన్నుల దరిదాపు చక్కెరను బయటినుంచి కొనేది. అందులో అధికభాగం జావాది. జావా వాళ్ల రహస్యం గానుగల్లో లేదు, పరిశోధన కేంద్రాల్లో ఉంది. వాళ్లు పుట్టించిన పి.ఓ.జె. 2878 అనే చెరుకు రకం ప్రపంచమంతా పేరు మోసింది. మనవైపు కోయంబత్తూరులో 1912లో పెట్టిన చెరుకు కేంద్రం కో. రకాలను తయారుచేస్తూ ఉంది. 1932లో భారత ప్రభుత్వం చక్కెర పరిశ్రమకు సుంకాల రక్షణ చట్టం తెచ్చింది. అంతే, ముప్పై చిల్లర ఉన్న మిల్లులు నాలుగైదేళ్లలో నూటముప్పై దాటాయి. ఎక్కువ భాగం యునైటెడ్ ప్రావిన్సెస్, బీహార్లలో లేచాయి. కాని దక్కను గడ్డ మీద పండే లావు చెరుకులో దిగుబడీ ఎక్కువ, చక్కెర శాతమూ ఎక్కువ. దానికి కావలసింది పది పన్నెండు నెలలు ఎడతెగని నీరు. మాఘం దాటితే ఎండిపోయే చెరువు కింద ఆ పంట అసాధ్యం. వేసవిలోనూ వదలగల జలాశయం ఉండాలి. పైగా నరికిన చెరుకును ఒకరోజు మించి నిలవ ఉంచితే తీపి తగ్గిపోతుంది. కనుక ఫ్యాక్టరీ చేను పక్కనే ఉండాలి. ఈ రెండు షరతులూ తీర్చగల చోటు బోధను.

ఇట్లా ఆలోచించింది మనమొక్కరమే కాదు. మైసూరు సంస్థానం కావేరి మీద కృష్ణరాజసాగరం కట్టి, దాని కాలువ కింద మండ్యలో చెరుకు పెంచి, 1933లో మైసూరు షుగర్ కంపెనీని నెలకొల్పింది. జలాశయం, కాలువ, చెరుకు, ఫ్యాక్టరీ అనే ఆ వరుస మన కళ్లముందే రుజువైంది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ కంపెనీగా ఏర్పడి, 1938లో బోధను పక్క శక్కర్‌నగర్‌లో చక్కెర తీయసాగింది. 1929లో కోటి రూపాయలతో ఏర్పడ్డ ఇండస్ట్రియల్ ట్రస్టు ఫండు వంటి ఏర్పాటు వెనుక ఉండబట్టి పెట్టుబడికి ఇబ్బంది రాలేదు. వేల ఎకరాల సొంత చెరుకు క్షేత్రాలు, కార్మికుల కాలనీ, ఆసుపత్రి, బడి, జానకంపేట నుంచి బోధనుకు రైలు, రుద్రూరులో చెరుకు పరిశోధన క్షేత్రం. ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని జనం గొప్పగా చెప్పుకునేవారు. ఫ్యాక్టరీ పెట్టింది అలీ నవాజ్ జంగ్ కాదు, అది నీళ్ల శాఖ పనీ కాదు. అయితే 1931లో కాలువ, 1932లో సుంకం రక్షణ, 1937లో కంపెనీ. వరుసలో మొదటి మెట్టు సిద్ధంగా ఉండబట్టే తక్కినవి ఎక్కగలిగారు. సుంకం సంగతి తెలిశాక కట్ట మొదలుపెడితే ఇంకో ఎనిమిదేళ్లు పట్టేది.

మళ్లీ నవాబు గారి దగ్గరికి వద్దాం. 1938లో కాంగ్రెసు అధ్యక్షుడు సుభాస్ చంద్ర బోస్ జాతీయ ప్రణాళికా సంఘాన్ని ఏర్పాటు చేసి నెహ్రూను అధ్యక్షుడిగా పెట్టినప్పుడు, నదుల నియంత్రణ, నీటిపారుదల ఉపసంఘానికి అధ్యక్షులుగా ఎన్నుకున్నది అలీ నవాజ్ జంగ్‌ను. సంస్థానంలో కొలువు చేసిన నవాబును కాంగ్రెసు వాళ్లు పిలవడం చిన్న విషయం కాదు. దేశంలో నదుల లెక్క తెలిసినవాళ్లు తక్కువమంది కావడమే కారణం అనుకుంటాను.

పదవీ విరమణ తరువాత కూడా ఆయన సర్కారుకు సలహాదారుగా నిలిచారు. తుంగభద్ర సంగతి చూడండి. ఆ నది మీద పెద్ద కట్ట కట్టాలన్న ఊహ 1860 నాటి నుంచి మద్రాసు వైపు ఉంది. హైదరాబాదుకు కుడి ఎడమల వాటా తేలక దశాబ్దాలు నానింది. చివరకు 1944 జూన్‌లో ఒప్పందం కుదిరి, చెరి 65 టి.ఎం.సి.లు వాడుకోవడానికి ఒప్పుకున్నారు. 1945 ఫిబ్రవరి 28న రెండు వైపులా శంకుస్థాపనలు జరిగాయి. చెరి సగం అన్న మాట దయ వల్ల వచ్చేది కాదు. బల్లకు అటువైపున్నవాళ్లు ఒక అంకె చెప్పినప్పుడు ఇటువైపు నుంచి కూడా ఒక అంకె, దానికి ఆధారం, మ్యాపు వస్తేనే వస్తుంది.

1949 డిసెంబరు 6న అలీ నవాజ్ జంగ్ కన్నుమూశారు. పోలీసు చర్య జరిగి పదిహేను నెలలైంది. ఆయన కొలువు చేసిన రాజ్యం అప్పటికే పోయింది. తుంగభద్ర కట్ట ఇంకా సగంలో ఉంది, 1953కు గాని పూర్తి కాలేదు. నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు 1955లో, మన పోచంపాడుకు 1963లో నెహ్రూ శంకుస్థాపనలు చేశారు. హైదరాబాదు ఇంజనీర్లు ఏనాడో కొలిచి పెట్టిన లోయలవి.

1956లో రాష్ట్రాలు మారినప్పుడు ఇంకొక చిత్రం జరిగింది. ఎవరి సంతకమూ అక్కర లేదనుకున్న మంజీర మూడు రాష్ట్రాల నది అయిపోయింది. బీడు ప్రాంతం బొంబాయిలోకి, బీదరు మైసూరులోకి, మనం ఆంధ్రప్రదేశ్‌లోకి. తుంగభద్ర ఎడమ వైపు రాయచూరు మైసూరు పాలైంది. నది మారలేదు, గట్టు మీద నిలబడేవాళ్లు మారారు. పాత లెక్కలన్నీ కొత్త బల్లల మీద పరిచి మళ్లీ వాదించుకోవలసి వచ్చింది. కృష్ణా ట్రిబ్యునల్ 1973లో తీర్పు ఇచ్చినప్పుడు 1960 సెప్టెంబరు నాటికి నడుస్తున్న, కడుతున్న ప్రాజెక్టులకు రక్షణ ఇచ్చింది. కాగితం మీద మిగిలిపోయినవాటికి ఆ బలం లేదు. అలీ నవాజ్ జంగ్ కాలపు ప్రతిపాదనల్లో ఎన్ని అట్లా కాగితం మీదే ఉండిపోయాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

నిజాంసాగర్ సంగతి అంతకంటె బాధాకరం. నల్లరేగళ్ల మీదుగా వచ్చే మంజీర ఏటేటా మట్టి తెచ్చి పోస్తూ ఉంటే 1970ల నాటికి సామర్థ్యం సగానికి మించి హరించుకుపోయింది. గేట్ల ఎత్తు పెంచితే 17.8 టి.ఎం.సి.ల దాకా తేరుకుంది. ఆయకట్టును 2,31,000 ఎకరాలకు కుదించారు. పైన సింగూరు వద్ద 30 టి.ఎం.సి.ల జలాశయం 1980ల చివరలో వచ్చి, మంజీర నీళ్లలో కొంత భాగం హైదరాబాదు నగరం గొంతు తడపడానికి పోయింది. నగరం తాగకూడదని ఎవరంటారు? కాని కాలువ చివరి రైతుకు వేసవి నీరు నమ్మకం తప్పింది. నమ్మకం లేని చోట పన్నెండు నెలల పంట ఎవడు వేస్తాడు? వరి వేశాడు, మొక్కజొన్న, సోయా వేశాడు.

ఆ మధ్యకాలంలో ఎగువన మహారాష్ట్రలో సహకార చక్కెర మిల్లులు ఊరూరా లేచాయి. యంత్రాలు కొత్తవి, యాజమాన్యం రైతులది. 1998లో చక్కెర పరిశ్రమకు లైసెన్సు నిబంధన కూడా ఎత్తేశారు. పోటీ ఇంత మారుతుంటే శక్కర్‌నగర్ పాత యంత్రాలతో, పెరిగే నష్టాలతో కూర్చుంది. పోటీవాడు ఏమి చేస్తున్నాడని కనిపెట్టి చూసిన పాత అలవాటు ఎక్కడ పోయిందో ఎవరు చెప్పగలరు? 2002లో 51 శాతం వాటా ప్రైవేటు కంపెనీకి అమ్మి నిజాం దక్కన్ షుగర్స్‌గా మార్చారు. అప్పటికీ కుదుట పడలేదు. 2015 డిసెంబరులో బోధనుతో పాటు మరి రెండు యూనిట్లకు లేఆఫ్ ప్రకటించారు. ఒకప్పుడు నవంబరు వచ్చిందంటే చెరుకు బండ్లతో కిటకిటలాడిన రోడ్డు అది.

2000లలో కాలువ చివరి పొలాల కోసం నవీపేట దగ్గర కోస్లి వద్ద గోదావరి నీటిని ఎత్తిపోసే పథకం కట్టారు. దానికి అలీసాగర్ ఎత్తిపోతల పథకం అనే పేరు పెట్టారు. మంజీర ఇవ్వలేనిది గోదావరి ఇవ్వాలన్నమాట. అయితే గోదావరి కూడా పైనుంచి రావాలి కదా. కందకుర్తికి ఎగువన నాందేడు జిల్లాలో మహారాష్ట్ర బాబ్లీ బరాజు కట్టింది. దాని మీద ఆంధ్రప్రదేశ్ 2006లో సుప్రీంకోర్టుకు ఎక్కింది. 2013 ఫిబ్రవరి 28న తీర్పు వచ్చింది. బరాజు ఉంటుంది, నిలవ 2.74 టి.ఎం.సి.లు దాటరాదు, ఏటా జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తే ఉంచాలి, మార్చి 1న 0.6 టి.ఎం.సి. కిందికి వదలాలి. గేట్లు ఎత్తే రోజున, దించే రోజున రెండు రాష్ట్రాల ఇంజనీర్లు, కేంద్ర జలసంఘం అధికారి పక్కపక్కన నిలబడి నీటిమట్టం చూసి రాసుకుంటారు.